తలకో సగం బ్లేడు

బైరాగిపట్టెడలో జెరాక్సు షాపు పైన
మెట్లెక్కితే ఎడమ పక్క గది.
నెలలో రెండు గురువారాలు, మూడున్నరకి.
కింద మిషను ఎవరివో టీసీలు, ఆధార్లు
వెలుగుతూ ఆరుతూ తీస్తుంటుంది,
మా కాళ్ళ కింద నేల కాస్త వణుకుతుంది.
పైన నేనూ, ధనకోటి మేడమూ,
మూత సరిగా పడని ఒక ఫ్లాస్కూ.

నా ఉద్యోగం రైల్వే స్టేషన్లో.
ఒకటో ప్లాట్‌ఫారం చివర, నీలం బల్ల.
బండి దిగి ఎటు పోవాలో తెలియని పిల్లలు
తిరుగు బండి కోసం కూర్చున్న గుండ్ల మధ్య
చింపిరి జుట్టుతో నిలబడి ఉంటారు.
అట్లా గుర్తుపడతాను.
చెప్పింది వింటాను, రాసుకుంటాను,
కమిటీ ముందుకి తీసుకుపోతాను.
ఆరింటికి సొరుగుకి తాళం వేస్తాను.
చెవులు మాత్రం నాతోనే
కొర్లగుంటకి వచ్చేస్తాయి.

ఈ గురువారం మూడు కేసులు చెప్పాను.
పేర్లు లేకుండా, ఊర్లు మార్చి.
ఈ కాగితం మీదా మార్చాను, వెతకొద్దు.
బాగానే చెప్పాను. తేదీలు, సెక్షన్లు,
ఎవరికి ఫోను చేసిందీ, ఎప్పుడు మెడికల్ అయిందీ.
ఆమె పెన్ను ఎత్తలేదు.
"ఆ పిల్లోడి దగ్గర మాత్రం
రెండు మాట్లు గాజులు సర్దుకున్నావు మే,
ఏంది?" అనింది.

ఏం లేదు మేడం అన్నాను.
కింద మిషను ఆగింది. కరెంటు పోయినట్టుంది.
ఫ్యాను రెక్కలు
ఒక్కొక్కటే కనపడ్డం మొదలుపెట్టాయి.

నంబరు ఇచ్చాను మేడం.
నా సొంత నంబరు.
హోముకి పంపే రోజు వ్యాను ఎక్కనన్నాడు,
నా చున్నీ కొస వేలికి చుట్టుకున్నాడు.
బిస్కెట్ ప్యాకెట్టు అట్ట మీద రాసి జేబులో పెట్టాను,
ఎప్పుడైనా చెయ్యి అన్నాను.
చేశాడు.
వార్డెను ఫోను నుంచి, వంటమనిషి ఫోను నుంచి,
రాత్రి తొమ్మిదికి, పదకొండుకి.
మొదటి వారం ఎత్తాను.
అన్నం తిన్నావా అంటే తిన్నా అంటాడు,
తర్వాత ఊపిరి వినిపిస్తుంది, అంతే,
పెట్టెయ్యడు.
రెండో వారం నా కూతురికి జ్వరం.
పదకొండు మిస్డ్ కాల్స్.
ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను.
బియ్యంలో కూడా మోగింది.

తిడుతుందనుకున్నాను.
అయ్యో పాపం అంటుందేమోనని ఇంకా భయపడ్డాను.
ఆమె ఫ్లాస్కు మూతలో కాఫీ పోసింది,
సగం బల్ల మీద ఒలికింది,
నా రిపోర్టు అంచుతోనే తుడిచింది.

"మా నాయన కొండ మీద కల్యాణకట్టలో చేసేవాడు.
చెంగల్రాయుడంటే పాతోళ్ళకి తెలుసు.
తలకో సగం బ్లేడు.
ఒక తలకి పెట్టింది ఇంకో తలకి పెట్టగూడదు.
ఎంత క్యూ ఉన్నా, ఎవురు తొందర చేసినా
మార్చాల్సిందే.
నువ్వు ఆ పిల్లోడి బ్లేడుతోనే ఇంటికి పోయినావు."

నాకు కోపం వచ్చింది.
నేను మనిషిని మేడం, పిల్లోడూ మనిషే అన్నాను.
"అవును," అనింది.
కాసేపు ఏమీ అనలేదు.
"ఆ మాట సరిగ్గా కుదర్లేదు. ఇంకొకటి చెప్తా."

"రోజుకి ఎన్ని తలలో ఆయనకి లెక్కలేదు.
తన తల మాత్రం తాను గొరుక్కోలేడు గదా,
వెనక పక్క కనపడదు.
నెలకోసారి దొరస్వామి మామ ముందర
చొక్కా విప్పి కూర్చొని తల వంచేవాడు.
ఎంత కోపిష్టి మనిషో మా నాయన.
ఆ పది నిమిషాలు
మెడ ఎంత మెత్తగా ఉండేదో,
నేను చూసేదాన్ని."

అప్పుడు ఏడ్చాను.
ఆమె గడియారం వైపు దొంగచూపు చూడలేదు,
తలెత్తి తిన్నగానే చూసింది.
"ఇంకా ఇరవై నిమిషాలుంది, ఏడువు."

తర్వాత పని మాట్లాడుకున్నాం.
రేపు పగలు, ఆఫీసు ఫోను నుంచి, వార్డెనుకి చెప్పి చెయ్యాలి.
మంగళ, శనివారాలు నాలుగింటికి అని చెప్పాలి.
చెప్పిన నాలుగింటికే చెయ్యాలి.
నంబరు ఇవ్వడం తప్పా అని అడిగాను.
"ఇచ్చింది పిల్లోడి కోసమా,
వ్యాను తొందరగా కదలాలనా?"
జవాబు ఇంకో గురువారానికి ఉంచుకున్నాను.

కరెంటు వచ్చింది. నేల మళ్ళీ వణికింది.
చెప్పులు వేసుకుంటూ అడిగాను,
మీరెవరి ముందర కూర్చుంటారు మేడం?

"నెలాఖరులో వేలూరు బస్సెక్కుతా.
ఆడొకాయన ఉండాడు, నాకంటే చిన్నోడు.
పొయ్యేటప్పుడు కిటికీ పక్క సీటు కోసం
కొట్లాడతా.
వచ్చేటప్పుడు
యాడ కూర్చున్నా సరే."